పదిహేనుకీ పంతొమ్మిదికీ మధ్య

జనాభా లెక్కల సంపుటాల్లోనూ, శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ వెలువరించే నివేదికల్లోనూ వయసులవారీగా మరణాల రేటు చూపించే పట్టికలుంటాయి. వాటిలో మొదటి వరుస పసిపిల్లలది. ప్రభుత్వాలూ, పత్రికలూ, పరిశోధకులూ ముందుగా చూసేది దాన్నే. చివరి వరుసలు వృద్ధులవి. ఈ రెంటికీ మధ్య 10-14, 15-19 అని రెండు వరుసలుంటాయి. అక్కడ అంకెలు ఎంత చిన్నవంటే చూపు నిలవదు. ముప్పయ్యేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పిన నేను కొంతకాలంగా ఆ రెండు వరుసల దగ్గరే, అందులోనూ స్త్రీల గడి దగ్గరే ఆగిపోతున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

పది నుంచి పంతొమ్మిది దాకా ఉన్న కాలం మనిషి మృత్యువుకి బాగా దూరంగా ఉండే కాలం. పసితనపు జబ్బులు దాటిపోయి ఉంటాయి, పెద్దతనపు జబ్బులు ఇంకా మొదలై ఉండవు. కాబట్టి ఈ వయసులో జరిగే చావుల్లో శరీరం తనంతట తాను ఓడిపోయి జరిగేవి తక్కువ. చుట్టూ ఉన్న మనుషుల వల్ల, వాళ్ళ నిర్ణయాల వల్ల, ఏర్పాట్ల వల్ల జరిగేవి ఎక్కువ. అందుకే ఈ వయసు ఆడపిల్లల మరణాల రేటు ఒక ప్రాంతంలో ఒకలా, మరో ప్రాంతంలో మరోలా ఉందంటే ఆ తేడాని గాలికో నీటికో అంటగట్టలేం. ఆ ప్రాంతం ఆడపిల్లని ఎలా చూసిందన్నదే అందులో ఎక్కువగా కనిపిస్తుంది. ఉత్తరాదిలో ఆడపిల్ల బతకడం కష్టం, దక్షిణాదిలో క్షేమం అనే మాట మనం తరచు వింటూంటాం. ఆ మాట సగమే నిజం. మిగతా సగం ఏమైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఈ వయసు ఆడపిల్ల చావు మన దేశంలో ప్రభుత్వ వ్యవహారం కావడం బెంగాల్‌లో మొదలైంది. 1890లో కలకత్తా హైకోర్టులో విచారణకొచ్చిన ఫూల్‌మణి దాసి కేసు స్త్రీల చరిత్ర చదివిన అందరికీ తెలిసిందే. ఆ పిల్లకి పదేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. తనకంటే చాలా పెద్దవాడైన భర్త బలవంతం వల్ల రక్తస్రావమై చనిపోయింది. పదేళ్ళు నిండిన భార్య విషయంలో భర్త చేసింది అత్యాచారం కాదని అప్పటి శిక్షాస్మృతి. కాబట్టి ఆ నేరం కింద అతన్ని విచారించే వీలే లేకపోయింది. ఏడాది కఠిన శిక్షతో సరిపోయింది. ఈ కేసు తర్వాత మన దేశంలో పనిచేస్తున్న మహిళా డాక్టర్లు తాము చూసిన ఇలాంటి కేసుల్ని జాబితాగా రాసి ప్రభుత్వానికి విన్నవించారు. తిలక్ వంటి నాయకుల వ్యతిరేకత మధ్య 1891 మార్చిలో సమ్మతి వయస్సు చట్టం వచ్చి, పది పన్నెండయింది.

ఆ తర్వాతి లెక్క కూడా చెప్పుకోవాలి. భార్య విషయంలో ఆ వయసు 1925లో పదమూడయింది. 1949లో పదిహేనయింది. పదిహేను పద్దెనిమిది కావడానికి 2017లో సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. పది నుంచి పద్దెనిమిదికి రావడానికి నూట ఇరవై ఆరేళ్ళు పట్టింది. ఇంత కాలమూ చర్చ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది: ఎన్నేళ్ళకి ఆ పిల్ల శరీరం తట్టుకుంటుంది? ఆమె చావకుండా ఉండే వయసేదో వెతికారే గాని, ఆమెకి ఇష్టమో కాదో అడగాలన్నది చర్చలోకి రాలేదు. ఆ ప్రశ్నని తన జీవితంతో అడిగిన రుఖ్మాబాయి, పదకొండేళ్ళప్పుడు చేసిన పెళ్ళి తనకి ఇష్టం లేదని 1880లలో బొంబాయి కోర్టులో నిలబడింది. భర్త దగ్గరికి వెళ్ళకపోతే జైలుకెళ్ళాల్సి ఉంటుందని కోర్టు తేల్చింది. ఫూల్‌మణి చనిపోయింది కాబట్టి చట్టం కదిలింది. రుఖ్మాబాయి బతికుండి మాట్లాడింది కాబట్టి అందరికీ కోపం వచ్చింది. ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

చట్టం కూడా దేశమంతా ఒకేలా లేదు. మైసూరు సంస్థానం 1894లోనే ఎనిమిదేళ్ళ లోపు ఆడపిల్లల పెళ్ళిళ్ళని నిషేధించింది. బరోడా 1904లో ఆడపిల్లకి పన్నెండు, మగపిల్లవాడికి పదహారు అని గీత గీసింది. బ్రిటిష్ ఇండియాలో ఆడపిల్లకి పద్నాలుగేళ్ళన్న శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. నిజాం రాజ్యానికి అది వర్తించలేదు. కర్నూలు దగ్గర తుంగభద్ర దాటి అవతలి ఒడ్డుకి వెళ్తే ఆడపిల్ల పెళ్ళి వయసుకి సంబంధించిన చట్టమే మారిపోయేది. ప్రాంతాల మధ్య తేడాలు ఆచారం వల్ల వస్తాయని మనం అనుకుంటాం. రాజ్యాలు గీసిన గీతలకి కూడా అందులో వాటా ఉంది.

మన వైపు ఈ లెక్క తీసే పని ముందుగా చేసినవాళ్ళలో విజయనగరం మహారాజా ఆనంద గజపతి ఒకరు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితా ఆయన తయారు చేయించారు. 1897లో 'కన్యాశుల్కం' మొదటిసారి అచ్చయినప్పుడు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఆ సంగతి ఉంది. జాబితాకెక్కిన పెళ్ళిళ్ళు 1,034. అందులో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. నాటకాన్ని వందసార్లు చదివినవాళ్ళు కూడా ఈ అంకెల దగ్గర ఆగినట్టు నాకు కనబడలేదు. మన సాహిత్య విమర్శ గిరీశం గురించీ మధురవాణి గురించీ మాట్లాడినంతగా ఈ జాబితా గురించి మాట్లాడలేదు. ఆ 99 మందిలో పదిహేనేళ్ళు దాటి బతికింది ఎందరో, పదిహేను కూడా నిండకుండా వితంతువులైంది ఎందరో చెప్పే రెండో జాబితా ఎవరూ వెయ్యలేదు. పెళ్ళి నాటి వయసు, ధర రాసుకున్నారు. ఆ తర్వాత ఆ పిల్ల లెక్కలోంచి తప్పుకుంది.

1927లో కేథరిన్ మేయో 'మదర్ ఇండియా' వచ్చినప్పుడు మళ్ళీ అంకెల యుద్ధం మొదలైంది. భారతీయ బాలిక ఈడేరిన వెంటనే తల్లి అవుతుందని మేయో రాసింది. విమెన్స్ మెడికల్ సర్వీస్‌లో పనిచేసిన డాక్టర్ మార్గరెట్ బాల్ఫర్ దాన్ని ఒప్పుకోక అదే సంవత్సరం పత్రికకి ఉత్తరం రాస్తూ ఆసుపత్రుల రికార్డులు బయటపెట్టింది. బొంబాయిలో మొదటి కాన్పుకి వచ్చిన 304 మంది హిందూ స్త్రీల సగటు వయసు 18.7 ఏళ్ళు. మద్రాసు ప్రసూతి ఆసుపత్రిలో 1922-24 మధ్య మొదటి కాన్పుకి వచ్చిన 2,312 మంది సగటు వయసు 19.4 ఏళ్ళు. జాతీయవాదులకి ఈ సగటు బాగా పనికొచ్చింది, మేయో అబద్ధాలకోరని రుజువైందన్నారు. కాని అదే ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఉంది. రెండు చోట్లా నూటికి పద్నాలుగు మంది దాకా పదిహేడు నిండనివాళ్ళే. మద్రాసు లెక్కలో పదమూడేళ్ళ తల్లులు ఏడుగురున్నారు. ఒకరికి దేశం పరువు తీయడానికి ఆ పిల్లలు కావాలి, ఇంకొకరికి దేశం పరువు నిలపడానికి ఆ పిల్లలు కనబడకుండా పోవాలి. పైగా ఇది ఆసుపత్రి మెట్లెక్కినవాళ్ళ లెక్క మాత్రమే. మంత్రసాని చేతుల్లో, పురిటి గది చీకట్లో జరిగిన కాన్పులు ఏ రికార్డులోకీ రాలేదు.

శారదా చట్టం ఆమోదం పొందడానికీ అమలులోకి రావడానికీ మధ్య ఆర్నెల్ల గడువిచ్చారు. ఆ ఆర్నెల్లలో దేశమంతటా పందిళ్ళు లేచాయి. 1921లో పదిహేనేళ్ళలోపు వివాహిత బాలికలు సుమారు 85 లక్షలు. 1931 జనగణన నాటికి 1 కోటి 22 లక్షలు దాటారు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యురాలు ఎలినార్ రాత్‌బోన్ 1934లో రాసిన పుస్తకం నిండా ఈ బాధే. మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1928లోనే పెళ్ళి వయసు పెంచాలని తీర్మానం పెట్టింది. వైద్యురాలిగా పురిటి గదుల్ని చూసిన మనిషి కాబట్టి ఆమె మాట్లాడిన తీరు వేరు. అయినా వచ్చిన చట్టం ప్రకారం జరిగిపోయిన పెళ్ళి చెల్లుతుంది, ఫిర్యాదు చేస్తే తప్ప కేసు లేదు. ఊళ్ళో ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు?

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మమ్మ గుంటూరు జిల్లా పల్లెలో పుట్టింది. తాతయ్యకి ఆవిడ రెండో భార్య. మొదటి భార్య అమ్మమ్మ సొంత అక్కే. కాపురానికొచ్చిన రెండేళ్ళకి మొదటి కాన్పులో పోయింది. ఎప్పుడు అని అడిగితే 'కృష్ణా పుష్కరాలకి ముందేడు' అనేది అమ్మమ్మ. ఎన్నేళ్ళు అంటే 'నాకంటే నాలుగేళ్ళు పెద్దది' అనేది. ఎలా అంటే ఒకటే మాట, 'పురిట్లో పోయింది'. అక్క గుర్తుగా అమ్మమ్మ మెళ్ళో చిన్న బంగారు బిళ్ళ ఒకటుండేది. ఏడాదికోసారి ఆవిడ పేర ముత్తైదువని పిలిచి భోజనం పెట్టి చీరా రవికా ఇచ్చేవాళ్ళు. లెక్క వేసి చూస్తే ఆవిడకి పదహారు దాటి ఉండదు. నా తరం స్త్రీలు తమ ఇళ్ళలో అడిగి చూస్తే ఇలాంటి పెద్దమ్మ ఒకరు చాలా కుటుంబాల్లో దొరుకుతుందని నా అనుభవం.

ఈ చావుల్ని మన సమాజం పూర్తిగా మర్చిపోలేదు, దాచుకున్న పద్ధతి వేరు. కోస్తా జిల్లాల్లో ఊరూరా పేరంటాళ్ళ గుళ్ళున్నాయి. ముత్తైదువగా, అకాలంగా పోయిన స్త్రీని దేవతని చేసి కొలిచే ఆచారం అది. చాలా చోట్ల కథ అడిగితే చిన్న వయసులో పోయిన కోడలి కథే బయటికొస్తుంది. భర్త బతికుండగా పోయిన పిల్ల పేరంటాలైంది. పెళ్ళి కాకుండా, కోరిక తీరకుండా పోయిన పిల్ల కామినీ దయ్యమైంది. బండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాస్తూ స్త్రీల జీవితాల్ని ఏరి పోగుచేసింది గాని, ఈ పిల్లలు ఎవరి చరిత్రలోకీ వచ్చేంత కాలం బతకలేదు. దేవతగానో దయ్యంగానో తప్ప పదిహేనేళ్ళ పిల్లకి ఊరి జ్ఞాపకంలో చోటు లేకపోయింది. ఆ రెండు రూపాల్లోనూ చావుకి కారణమెవరన్న ప్రశ్న రాదు.

స్వాతంత్ర్యం తర్వాత, 1969-70 నుంచి శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ దేశమంతటా పనిచెయ్యడం మొదలుపెట్టాక మరణాల ప్రాంతీయ పటం కొంత స్పష్టంగా కనబడింది. 1983లో టిమ్ డైసన్, మిక్ మూర్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికొక వివరణ ఇచ్చారు. ఉత్తరాదిలో ఆడపిల్లని తెలియని ఊరికి, తెలియని ఇంటికి ఇస్తారు, పుట్టింటితో సంబంధం పల్చబడిపోతుంది. దక్షిణాదిలో మేనరికాలు, దగ్గరి సంబంధాలు కాబట్టి పుట్టిల్లు అండగా ఉంటుంది, ఆమెకి కొంత స్వతంత్రం ఉంటుంది. అందువల్లే ఇక్కడ స్త్రీలూ పిల్లలూ బతికే అవకాశం ఎక్కువ అని వాళ్ళ వాదం. జెండర్ చదువుల్లో దీన్ని ఇప్పటికీ పాఠంగా చెబుతున్నాం, నేనూ చెప్పాను.

ప్రసూతి మరణాలు చూస్తే ఈ పటం సరిగ్గానే కనిపిస్తుంది. 2001-03లో లక్ష సజీవ జననాలకి చనిపోయిన తల్లులు దేశం మొత్తం మీద 301 మంది. ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ కలిపి 517, అస్సాంలో 490. ఆంధ్రప్రదేశ్‌లో 195, తమిళనాడులో 134, కేరళలో 110. 2018-20 నాటికి దేశం సగటు 97కి దిగింది. అస్సాం 195, మధ్యప్రదేశ్ 173, ఉత్తరప్రదేశ్ 167. ఆంధ్రప్రదేశ్ 45, తెలంగాణ 43, కేరళ 19. ఇవి అన్ని వయసుల తల్లులకీ కలిపి వేసిన లెక్కలు. అయినా పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లల్ని చంపే పెద్ద కారణాల్లో కాన్పు ఒకటి కాబట్టి, వాళ్ళ సంగతి కూడా ఇందులో ఉంది.

ఇక్కడ మన రాష్ట్రాల విషయంలో ఒక చిక్కు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండక ముందే పెళ్ళైనవాళ్ళు ఉత్తరప్రదేశ్‌లో 15.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15-19 ఏళ్ళకే తల్లులైనవాళ్ళూ గర్భంతో ఉన్నవాళ్ళూ ఉత్తరప్రదేశ్‌లో 2.9 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. అంతకుముందు సర్వేలో ఇక్కడ ఇది 11.8 శాతమే. దేశమంతా తగ్గుతున్న కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో కొంచెం పెరిగింది. అంటే చిన్నపిల్లలకి ఎక్కువగా పెళ్ళిళ్ళు చేస్తున్నది మనం, కాన్పుల్లో తల్లుల్ని ఎక్కువగా పోగొట్టుకుంటున్నది వాళ్ళు. మన పిల్లల్ని కాపాడింది పెళ్ళి వయసు పెరగడం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, 2005లో మొదలైన 108 అంబులెన్సు, నూటికి తొంభై ఆరు కాన్పులు ఆసుపత్రిలో జరగడం కాపాడాయి. ఇందులో చాలా భాగం అతి తక్కువ జీతంతో పనిచేసిన స్త్రీల శ్రమ. దీన్ని చిన్నది చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. మా పెద్దమ్మ ఈ రోజు పదహారేళ్ళకి గర్భవతి అయినా బతికే అవకాశమే ఎక్కువ. కాని పదహారేళ్ళకి ఆమెని అక్కడికి పంపిన నిర్ణయం మాత్రం మారలేదు.

మిగతా సగం నిజం ఇక్కడ మొదలవుతుంది.

తమిళనాడులోని వేలూరు మన చిత్తూరుకి పక్కనే. అక్కడి కణియంబాడి బ్లాకులో లక్ష పైచిలుకు జనాభాలో ప్రతి మరణాన్నీ ఇంటికెళ్ళి కనుక్కునే పద్ధతి ఉంది. 1992 నుంచి 2001 దాకా అక్కడ 10-19 ఏళ్ళ పిల్లల చావుల్ని పరిశీలించి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు 2004లో 'లాన్సెట్' పత్రికలో రాశారు. లక్షమంది ఆడపిల్లలకి ఏటా 148 మంది, మగపిల్లల్లో 58 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆ వయసు మగపిల్లల చావుల్లో ఆత్మహత్యలు నాలుగో వంతు. ఆడపిల్లల చావుల్లో సగం నుంచి ముప్పావు వంతు. ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు మళ్ళీ చదవాల్సి వచ్చింది. మనం క్షేమమనుకున్న దక్షిణాది పల్లెలో, ఆసుపత్రీ బడీ రెండూ అందుబాటులో ఉన్న చోట, ఆడపిల్లని చంపుతున్న మొదటి కారణం జబ్బూ కాదు, కాన్పూ కాదు.

ఇది ఒక్క బ్లాకు సంగతి కాదని తర్వాత తేలింది. దేశమంతటా లక్షలాది ఇళ్ళలో జరిగిన మరణాల్ని కుటుంబ సభ్యుల్ని అడిగి నమోదు చేసి, ప్రతి కేసునీ ఇద్దరు డాక్టర్ల చేత విడివిడిగా నిర్ధారింపజేసిన మిలియన్ డెత్ స్టడీ ఆధారంగా 2012లో ఒక పరిశోధన వచ్చింది. 2010లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 72,100 మంది అని దాని అంచనా. అందులో 56 శాతం 15-29 ఏళ్ళ వాళ్ళే. పురుషుల్లో ఆ వయసువాళ్ళు 40 శాతం. పదిహేనేళ్ళ అమ్మాయి ఎనభై ఏళ్ళు నిండేలోగా ఆత్మహత్యతో చనిపోయే ప్రమాదం దేశం మొత్తం మీద నూటికి 1.0 అయితే దక్షిణాదిలో 1.8. అన్ని ప్రాంతాల్లోనూ ఒకే పద్ధతిలో అడిగారు కాబట్టి, ఉత్తరాదిలో దాస్తారు, మనవాళ్ళు నిజం చెబుతారు అని దీన్ని కొట్టిపారెయ్యడం కుదరదు. 2018లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం 2016లో ప్రపంచంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో 36.6 శాతం భారతీయులు. స్త్రీల ఆత్మహత్యల రేటులో రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య పది రెట్ల తేడా ఉంది. ఎక్కువగా ఉన్నవాటిలో తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, పశ్చిమ బెంగాల్, త్రిపుర ఉన్నాయి.

కాలిన గాయాల లెక్క దీనికి తోడు. 2001లో దేశంలో అగ్ని వల్ల చనిపోయినవాళ్ళు 1,63,000 మంది పైన అనీ, అందులో 1,06,000 మంది స్త్రీలేననీ, వాళ్ళలో ఎక్కువమంది 15-34 ఏళ్ళవాళ్ళేననీ 2009 నాటి ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఆ వయసులో ఒక యువకుడికి ముగ్గురు యువతులు. స్టవ్ పేలి చనిపోయిన కోడళ్ళ వార్తలు చదివి పెరిగిన తరం మనది. పేలే స్టవ్‌కి ఆడా మగా తేడా ఎలా తెలుస్తుందని ఎనభైలలో స్త్రీల సంఘాలు అడిగిన ప్రశ్నకి ఈ అంకె జవాబు.

వార్తల సంగతి వచ్చింది కాబట్టి మన తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో స్థిరపడిపోయిన ఒక మాట గురించి చెప్పాలి: 'కడుపునొప్పి భరించలేక యువతి ఆత్మహత్య'. ఆ కడుపునొప్పి ఏమిటో రాసినవాళ్ళకీ, చదివినవాళ్ళకీ, పంచనామా చేసినవాళ్ళకీ తెలుసు. నెలసరి నొప్పి కావచ్చు, పెళ్ళికి ముందు వచ్చిన గర్భం కావచ్చు, ఇష్టం లేని పెళ్ళి, కులం కాని ప్రేమ, పరీక్ష తప్పడం, మేనమామ చెయ్యి, అన్న దెబ్బ, ఏదైనా కావచ్చు. అన్నిటినీ మింగి ఆ మాట నిలబడింది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన 309 సెక్షన్ భయం కూడా దీనికి తోడ్పడింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం దాని కోర పీకింది, 2024 జూలై నుంచి అమలైన కొత్త శిక్షాస్మృతిలో అది లేదు. కాని మాట అలవాటు చట్టంతో పాటు పోదు. పోలీసు రికార్డుల మీద ఆధారపడే నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కలు పురుషుల ఆత్మహత్యల్ని కనీసం 25 శాతం, స్త్రీల ఆత్మహత్యల్ని కనీసం 36 శాతం తక్కువగా చూపాయని 2012 పరిశోధన తేల్చింది. బ్యూరో 18 దగ్గర గీత గీసి, 18 నుంచి 30 దాకా ఒకే గడిలో కలుపుతుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల మళ్ళీ పెద్దవాళ్ళ లెక్కలో కలిసిపోతుంది.

ఇంటికెళ్ళి అడిగి కారణం రాసుకునే పద్ధతి మంచిదే. మౌఖిక చరిత్ర మీద నమ్మకమున్న మనకి అది పరాయిది కూడా కాదు. అయితే అందులో సాక్ష్యం చెప్పేది ఎవరు? ఆ పిల్లని ఆ స్థితికి తెచ్చిన కుటుంబమే కావచ్చు. మనం స్త్రీల కథనాలు సేకరించినప్పుడు స్త్రీలే మాట్లాడారు. ఇక్కడ మాట్లాడాల్సిన మనిషి లేదు. కాబట్టి ఆత్మహత్య అని రాసిన గడిలో హత్యలు ఎన్ని, ప్రమాదం అని రాసిన గడిలో ఆత్మహత్యలు ఎన్ని అన్నది అనుమానంతోనే చదవాలి.

దక్షిణాదిలోనే ఎందుకు ఎక్కువ? సెమినార్లలో నేను తరచు విన్న జవాబు: చదువు వల్ల ఆశలు పెరిగాయి, ఆశలు తీరక చనిపోతున్నారు. పైకి సానుభూతిగా కనబడే ఈ జవాబు నాకు భయం కలిగిస్తుంది. బాలికల చదువుని వ్యతిరేకిస్తూ వీరేశలింగం కాలంలో చెప్పిన మాటకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆశ పడటం ఆమె తప్పయినట్టు, దాన్ని తుంచినవాళ్ళు ప్రకృతి శక్తులయినట్టు ఉంటుంది. నేను దీన్ని ఇలా చూస్తాను. పిల్లని టెన్త్ దాకా, ఇంటర్ దాకా చదివించడానికి మన సమాజం ఒప్పుకుంది. ఆమె ఎవరిని ఇష్టపడాలి, ఎప్పుడు పెళ్ళి చేసుకోవాలి, ఇంట్లోంచి ఎంత దూరం వెళ్ళాలి అన్న నిర్ణయాల్ని మాత్రం కులమూ కుటుంబమూ తమ దగ్గరే ఉంచుకున్నాయి. డైసన్, మూర్ చెప్పిన పుట్టింటి అండని కూడా మళ్ళీ ఆలోచించాలి. మేనరికంలో అత్త మేనత్తే. అత్తింటి మీద ఫిర్యాదు చెప్పుకోవడానికి వెళ్ళే పుట్టిల్లు ఆమె తమ్ముడిదే. పదహారేళ్ళ పిల్ల పారిపోదామన్నా ఆ బంధుత్వానికి బయట ఇల్లంటూ లేదు. ఆపదలో దగ్గరితనం కొందరిని కాపాడింది, కొందరికి దారి లేకుండా చేసింది.

మన చట్టాలు కూడా పెళ్ళికూతురినే చూశాయి. 1983లో 498ఏ, 1986లో వరకట్న మరణాల 304బి వచ్చాయి. ఎన్నో పోరాటాల ఫలితాలవి. కాని అవి పెళ్ళైన ఏడేళ్ళనీ, అత్తింటినీ చూస్తాయి. పెళ్ళికి ముందు, పుట్టింట్లో, హాస్టల్లో, పరీక్షల తర్వాత చనిపోయే పిల్లకి ఆ చట్టాల్లో పేరు లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నప్పుడు చర్చంతా మార్కుల తప్పులమీదే జరిగింది. పరీక్ష తప్పిన ఆడపిల్లకి ఇంట్లో తర్వాతి మాట పెళ్ళే అన్న సంగతి ఆ చర్చలోకి రాలేదు.

ఈ చావులు ఆపలేనివి కావు. చాలావరకూ ఒక్క క్షణపు ఆవేశం, చేతికందిన పురుగుమందు కలిసి జరిగేవి. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించాక, 1995 తర్వాత పదేళ్ళలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. ఆ క్షణం దాటిన పిల్ల బతుకుతుంది. 2022 నుంచి 14416 అనే టెలిమానస్ నంబరు ఉంది. అది ప్రతి బడిలోనూ హాస్టల్లోనూ గోడమీద ఉండాలి. కాని ఆ క్షణం దాటాక ఆమె మాట వినే మనిషి ఇంట్లో ఉండాలి, ఇల్లు కాకపోతే వెళ్ళడానికి ఇంకో చోటుండాలి. ఇది ఆరోగ్య శాఖ ఒక్కదాని పని కాదు.

పురిటి చావులు తగ్గడం వల్ల మనకి ఒక పాఠం మిగిలింది. లెక్కపెట్టి, ప్రతి చావుకీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలని పట్టుబట్టినప్పుడు ప్రభుత్వం కదిలింది. ఇప్పుడు ప్రసూతి మరణం జరిగితే సమీక్ష జరుగుతుంది. ఎక్కడ ఆలస్యమైంది, ఎవరు చూశారు, ఎందుకు కాపాడలేకపోయారు అని కాగితం మీద రాస్తారు. పదిహేనుకీ పంతొమ్మిదికీ మధ్య ఆడపిల్ల ఏ కారణంతో పోయినా అలాంటి సమీక్ష జిల్లా స్థాయిలో జరగాలనీ, వయసు, కారణం విడదీసిన లెక్కలు ఏటా బయటపెట్టాలనీ అడగడం మన పని. రాసేవాళ్ళకి ఇంకో పని కూడా ఉంది. మన కథల్లో, నవలల్లో, ఆత్మకథల్లో 'పురిట్లో పోయింది', 'కడుపునొప్పితో పోయింది' అని ఒక్క వాక్యంలో దాటేసిన పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ వాక్యం దగ్గర ఆగి, ఆమెకి ఎన్నేళ్ళు, ఏ ఊరు, ఏం కావాలని అడిగింది, ఎవరు కాదన్నారు అని రాయడం మొదలుపెడితే, అధికారుల లెక్కలకంటే ముందే మన దగ్గర ఒక లెక్క తయారవుతుంది.